ఫిట్స్ ఉన్నవాళ్లు పరుగు ఎలా మొదలుపెట్టాలి? తిరుపతి, చిత్తూరు వాళ్ల కోసం

"నాకు ఫిట్స్ ఉన్నాయి, పరిగెత్తొచ్చా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. కాలేజీ పిల్లలు అడుగుతున్నారు, వాళ్ల అమ్మానాన్నలు అడుగుతున్నారు, ఇంట్లో చెప్పుకోలేక రహస్యంగా అడిగే ఆడవాళ్లూ ఉన్నారు. నాకూ మూర్ఛ ఉంది. రోజూ మాత్రలు వేసుకుంటూనే యూనివర్సిటీ వైపు పొద్దున్నే పరిగెత్తుతుంటాను. అందరికీ విడివిడిగా చెప్పేదాన్ని ఒకేచోట రాస్తున్నాను. ఇది మీ డాక్టరు మాటకు బదులు కాదు. డాక్టరు సరేనన్నాక ఇంటి నుంచి మైదానానికి, మైదానం నుంచి ఇంటికి క్షేమంగా ఎలా వెళ్లి రావాలో ఇందులో ఉంటుంది.

ముందు జవాబు చెప్పేస్తాను. మందులతో ఫిట్స్ అదుపులో ఉన్నవాళ్లలో చాలామంది పరిగెత్తొచ్చు. మూర్ఛ వైద్యుల అంతర్జాతీయ సంఘమైన ఇంటర్నేషనల్ లీగ్ అగైనెస్ట్ ఎపిలెప్సీ తరఫున 2016లో వచ్చిన నివేదిక ఆటలన్నిటినీ మూడు వర్గాలు చేసింది. పరుగు పందేలు మొదటి వర్గంలోనే ఉన్నాయి. అంటే ఫిట్స్ వచ్చినా ఆట వల్ల అదనంగా పెద్ద ప్రమాదం లేనివి. అదే అథ్లెటిక్స్‌లో పోల్‌వాల్ట్ మాత్రం రెండో వర్గం. స్కూబా డైవింగ్, కొండలెక్కడం లాంటివి మూడో వర్గం. 2011లో 400 మీటర్ల హర్డిల్స్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన బ్రిటన్ అథ్లెట్ డాయ్ గ్రీన్‌కు మూర్ఛ ఉంది. మనందరికీ తెలిసిన దక్షిణాఫ్రికా క్రికెటర్ జాంటీ రోడ్స్‌కూ ఉంది.

నా అనుభవంలో పరుగువల్ల భయపడాల్సింది తక్కువ. భయపడాల్సినవి మూడు: మాత్ర తప్పడం, నిద్ర చాలకపోవడం, ఎవరూ లేనిచోట పడిపోవడం. కింద రాసిందంతా ఈ మూడింటి గురించే.

ఇప్పుడే మొదలుపెట్టకూడని వాళ్లు

ఈమధ్యే మొదటిసారి ఫిట్స్ వచ్చి ఇంకా పరీక్షలు పూర్తికాని వాళ్లు, మందు మారుస్తున్నవాళ్లు లేదా మోతాదు సరిచేస్తున్నవాళ్లు, ఇంకా తరచుగా ఫిట్స్ వస్తున్నవాళ్లు డాక్టరుతో మాట్లాడేవరకు నడకతో సరిపెట్టుకోండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. పరిగెత్తుతుండగానే, ఒంటికి శ్రమ ఎక్కువైనప్పుడే స్పృహ తప్పి పడిపోయారంటే దాన్ని ఫిట్స్ అని మీకు మీరే తేల్చుకోవద్దు. గుండె లయ తప్పినా మనిషి అలాగే పడిపోతాడు, చేతులూ కాళ్లూ కొట్టుకుంటాడు. చూసేవాళ్లకు అచ్చం ఫిట్స్‌లాగే ఉంటుంది. అలాంటప్పుడు ఈసీజీతో పాటు గుండె డాక్టరు చెప్పిన పరీక్షలన్నీ అయ్యాకే మళ్లీ షూ తొడగండి.

కావలసినవి

- న్యూరాలజిస్టు లేదా మిమ్మల్ని ఎప్పటినుంచో చూస్తున్న డాక్టరు ఒప్పుకోలు. తిరుపతిలో స్విమ్స్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. రుయాలో చూపించుకునేవాళ్లూ చాలామందే.
- ఫిట్స్ వస్తే ఏం చేయాలో తెలిసిన ఒక తోడు.
- మెత్తటి నేల ఉన్న, వాహనాలు తిరగని చోటు.
- జేబులో కార్డు. ఏం రాయాలో మూడో మెట్టులో చెప్తాను.
- లాక్ తీయకుండానే అత్యవసర వివరాలు కనిపించేలా పెట్టుకున్న ఫోను.
- చిన్న నోటుబుక్కు.
- ఒక పూట మాత్రలు, చిన్న డబ్బాలో.
- నీళ్లు, ఓఆర్‌ఎస్ లేదా ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ.

ఖరీదైన వాచీ అక్కర్లేదు. పడిపోతే కనిపెట్టే వాచీలు వచ్చాయి, మంచివే. కానీ వాచీ మిమ్మల్ని పక్కకు తిప్పి పడుకోబెట్టలేదు. ఆ డబ్బుతో మంచి షూ కొనుక్కోండి, ఆ పని మీ తోడుకు నేర్పండి.

1. డాక్టరును అడగాల్సినవి అడగండి

"పరిగెత్తొచ్చా సార్?" అని మాత్రమే అడిగితే "చూసుకుని చేయండి" అనే జవాబు వస్తుంది. దాంతో మీకు ఒరిగేదేమీ లేదు. విడివిడిగా అడగండి:

నా మందుకు, ఎండకు ఏమైనా సంబంధం ఉందా? టోపిరమేట్, జోనిసమైడ్ వేసుకునే కొందరికి చెమట సరిగ్గా పట్టదు. చెమట పట్టకపోతే ఒళ్లు చల్లబడదు. మన ఊరి ఏప్రిల్, మే ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. టోపిరమేట్ వల్ల వేళ్లలో తిమ్మిర్లు కూడా వస్తాయి. చాలామంది షూ బిగుతయిందనుకుని షూలు మారుస్తుంటారు.

సోడియం పరీక్ష చేయించాలా? కార్బమజెపైన్, ఆక్స్‌కార్బజెపైన్ వేసుకునేవాళ్లలో కొందరికి రక్తంలో సోడియం తగ్గుతుంది. దాని మీద లీటర్లకు లీటర్లు ఉత్త నీళ్లు తాగితే ఇంకా తగ్గుతుంది. సోడియం బాగా పడిపోతే అదే ఫిట్స్ తెస్తుంది.

విటమిన్ డి, ఎముకల సంగతి ఏమిటి? ఫెనిటాయిన్, ఫెనోబార్బిటోన్, కార్బమజెపైన్ ఏళ్ల తరబడి వాడితే ఎముకలు బలహీనపడే అవకాశం ఉంది. కాలి ఎముకలో ఒకేచోట నొప్పి పట్టుకుని, పరిగెత్తినప్పుడల్లా పెరుగుతుంటే బామ్ రాసుకుని ఊరుకోకండి.

ఒళ్లునొప్పులకు ఏ మాత్ర వేసుకోవచ్చు? ఇది తప్పకుండా అడగండి. ట్రమడాల్ అని రాసి ఉన్న మాత్ర ఫిట్స్ తెప్పించగలదు. మోకాలు నొప్పి అని మందుల షాపులో చెప్పగానే అది కలిసిన మాత్ర చేతిలో పెట్టవచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఏ మాత్ర కొన్నా "నాకు మూర్ఛ ఉంది" అని ముందే చెప్పండి.

ఆడవాళ్లు ఇంకో రెండు అడగాలి: నెలసరి రోజుల్లో ఫిట్స్ పెరిగే తీరు నాకు ఉందా? నా మందు గర్భనిరోధక మాత్ర పనిని తగ్గిస్తుందా? వాల్ప్రోయేట్ వాడుతూ పిల్లల కోసం ఆలోచిస్తున్నవాళ్లు ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి. ఏ కారణం చేతనైనా సొంతంగా మాత్ర ఆపకూడదు.

2. చోటు ఎంచుకోండి

మొదటి కొన్ని నెలలు ఒకే మైదానంలో గుండ్రంగా తిరగండి. విసుగ్గా ఉంటుంది, నిజమే. కానీ గుండ్రంగా తిరిగే చోట మీరు ఒక రౌండు రాకపోతే ఎవరో ఒకరు గమనిస్తారు. ఎస్వీ యూనివర్సిటీ మైదానాల వైపు పొద్దున్నే పోలీస్ ఈవెంట్స్ కోసం 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లు, నడిచే పెద్దవాళ్లు ఉంటారు. ఆ గుంపే మీకు రక్షణ. చిత్తూరు వాళ్లయితే మీ దగ్గర్లో ఏ స్కూలు, కాలేజీ గ్రౌండ్‌లో జనం నడుస్తుంటే అక్కడికి వెళ్లండి. మట్టి నేల, గడ్డి నేల అయితే పడ్డా దెబ్బ తక్కువ.

అలిపిరి–చెర్లోపల్లి రోడ్డు చూడముచ్చటగా ఉంటుంది, కొండ పక్కనే పరిగెత్తాలని అందరికీ ఆశ. ఒంటరిగా మాత్రం వద్దు. వాహనాలు వేగంగా వస్తాయి, తెల్లవారకముందు చీకటి. తోడు ఉంటే, వెలుతురు వచ్చాక, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకు కుడివైపున, బండ్లకు దూరంగా వెళ్లండి.

మెట్ల దారి గురించి అందరూ అడుగుతారు కాబట్టి విడిగా చెప్పాలి. అలిపిరి దారిలో సుమారు 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో సుమారు 2388 మెట్లు. రాతి మెట్ల మీద పరుగు మనకు వద్దే వద్దు. ఎక్కేటప్పుడూ వద్దు, దిగేటప్పుడు అసలే వద్దు. చదునైన నేల మీద పడితే మోకాలు గీసుకుంటుంది, మెట్ల మీద పడితే తల పగులుతుంది. స్వామి మీద మొక్కు ఉంటే నడిచే వెళ్లండి, తోడుతో, గోడ పక్కన, మధ్యమధ్య కూర్చుంటూ. మోకాళ్ల మెట్టు దగ్గర తొందరపడకండి. చిరుతల కారణంగా ఆ దారిలో ఏ వేళల్లో వదులుతారో మారుతూ ఉంటుంది, బయల్దేరే ముందు కనుక్కోండి.

నీళ్ల గట్లు కూడా వద్దు. చెరువు కట్ట మీద, కళ్యాణి డ్యామ్ దగ్గర, కాలువ పక్కన పరిగెత్తకండి. పరుగు అయ్యాక చల్లగా ఉంటుందని ఒంటరిగా నీళ్లలో దిగకండి. లోతు తక్కువని ధైర్యం చేయకండి. స్పృహ లేని మనిషికి మోకాలి లోతు నీళ్లు చాలు.

ట్రెడ్‌మిల్ తప్పనిసరైతే దానికి ఉన్న సేఫ్టీ క్లిప్పు చొక్కాకు తగిలించుకోండి, వెనక గోడ లేకుండా చూసుకోండి, వేగం తక్కువగా పెట్టుకోండి. నా మాట వింటే మైదానమే మేలు.

మైదానానికి ఎలా వెళ్తారో కూడా ఆలోచించండి. బండి నడుపుకుంటూ వెళ్లొద్దు. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులోనే మూర్ఛ ఉందా అని అడుగుతారు, కారణం మీకు తెలిసిందే. ఇంటికి దగ్గర్లోని మైదానం చూసుకుంటే నడిచే వెళ్లొచ్చు. దూరమైతే ఆటో.

3. తోడుకు చెప్పండి, కార్డు రాసుకోండి

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. సంబంధాలు చెడిపోతాయని, నలుగురూ ఏమనుకుంటారోనని చెప్పరు. ఆ భయం నాకు తెలుసు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ పేరుతో ఉన్న అడ్డును 1999లోనే తీసేశారు. చట్టం మారినంత తొందరగా మనుషులు మారలేదు. అందుకే ఊరంతటికీ చెప్పమనడం లేదు. మీ పక్కన పరిగెత్తే ఒక్కరికి, వీలైతే ఇద్దరికి చెప్పండి.

ఇలా చెప్తే చాలు: "అన్నా, నాకు ఫిట్స్ ఉన్నాయి, మందులు వాడుతున్నా. ఎప్పుడన్నా పడిపోతే భయపడొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టు, నోట్లో ఏమీ పెట్టొద్దు, టైం చూసుకో. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యి." అక్కకైనా, చెల్లికైనా, పిన్నికైనా ఇవే మాటలు. ఒక్కసారి చెప్పి వదిలేయకండి. ఒకరోజు మైదానంలోనే పడుకుని, మిమ్మల్ని పక్కకు తిప్పమని చేసి చూపించమనండి. చేతితో చేసిన పని గుర్తుంటుంది.

కార్డు మీద ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఇంగ్లీషులో రాయండి. తిరుపతిలో మీ పక్కనున్నది తమిళనాడు నుంచో కర్ణాటక నుంచో వచ్చిన భక్తుడు కావచ్చు. ఉండాల్సినవి: పేరు, "మూర్ఛ ఉంది" అన్న మాట, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు, వాడే మందులు, మోతాదు, వేరే మందులకు ఎలర్జీ ఉంటే అది, "5 నిమిషాలు దాటితే 108". డాక్టరు ముక్కులో కొట్టే మిడజొలామ్ స్ప్రే రాసి ఇచ్చి ఉంటే అది ఏ జేబులో ఉందో, ఎప్పుడు వాడాలో కూడా రాయండి. చెమటకు తడవకుండా లామినేషన్ చేయించండి.

ఎంత నమ్మకమైన తోడైనా ఒక్కోరోజు రాలేకపోవచ్చు. ఆ రోజు జనం ఉన్న మైదానంలోనే నడవండి, వాట్సాప్‌లో ఇంట్లోవాళ్లకు లైవ్ లొకేషన్ పెట్టండి. గంటకు పెడితే సరిపోతుంది. "ఏడింటికి ఫోన్ చేయకపోతే నువ్వు చెయ్యి" అని చెప్పి బయల్దేరండి.

4. మాత్ర, నిద్ర, తిండి

పొద్దుటి మాత్ర వేసుకున్నాకే పరుగు. ఖాళీ కడుపున వేసుకుంటే వాంతి అవుతుందంటే చిన్న గ్లాసు రాగి జావ తాగి వేసుకోండి. జావ తాగాక అరగంట ఆగండి. మాత్ర పరుగు అయ్యాక వేసుకుందాం అనుకున్నవాళ్లు మైదానంలో కబుర్లలో పడి, ఇంటికొచ్చి స్నానం చేసి, ఆఫీసుకు పరిగెత్తి మర్చిపోతారు. ఫిట్స్ తిరగబెట్టడానికి మామూలుగా కనిపించే కారణం ఇదే.

మర్చిపోతే ఏం చేయాలో ముందే డాక్టరును అడిగి నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. సొంతంగా రెండు మాత్రలు కలిపి మింగకండి. నెమ్మదిగా కరిగే మాత్రల్ని నలిపి వేసుకోకండి. షాపులో మీ కంపెనీ మాత్ర లేదని వేరేది ఇస్తే డాక్టరుకు చెప్పాకే మార్చండి. మాత్రలు అయిపోయేదాకా ఆగకుండా వారం ముందే తెచ్చుకోండి.

నిద్ర సంగతిలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. ఐదింటికి లేవాలంటే రాత్రి పదింటికల్లా పడుకోవాలి. ఆలస్యంగా పడుకుంటే పొద్దున అలారం ఆపేయండి, సాయంత్రం నడవండి. నిద్ర చంపుకుని చేసిన పరుగు మనకు మేలు చేయదు. మన ఊళ్లో ఇది కొంచెం కష్టమే. వైకుంఠ ఏకాదశి జాగారం, గంగమ్మ జాతర రోజులు, బ్రహ్మోత్సవాల రద్దీ, రాత్రి రైలుకు వచ్చే చుట్టాలు. అలాంటి రాత్రి తర్వాత రెండు రోజులు పరుగు మానేయండి. పండగ మానమనడం లేదు.

పెరటాసి శనివారాలు ఒక్కపొద్దు ఉండేవాళ్లు కూడా అడుగుతుంటారు. ఉపవాసం ఉన్నా మాత్ర మానకూడదు, నీళ్లు మానకూడదు. ఆ రోజు పరుగు వద్దు. తిండి లేక చక్కెర తగ్గితే, నీళ్లు లేక ఒళ్లు వేడెక్కితే, ఏది కారణమో ఎవరూ చెప్పలేరు. మద్యం తాగిన మర్నాడు కూడా అంతే. మద్యం అసలు తాగకపోవడమే మంచిది.

5. మొదటి రెండు నెలలు ఇలా

వారానికి మూడు రోజులు, రోజు మార్చి రోజు.

మొదటి రెండు వారాలు: ఐదు నిమిషాలు నడక, తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా ఆరుసార్లు. చివర ఐదు నిమిషాలు నడక.
మూడు, నాలుగు వారాలు: రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, ఆరుసార్లు.
ఐదు, ఆరు వారాలు: నాలుగు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, నాలుగుసార్లు.
ఏడు, ఎనిమిది వారాలు: ఎనిమిది నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, రెండు మూడుసార్లు.

వేగం ఎంత ఉండాలంటే పక్కనున్న మనిషితో ఆగకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే వేగం తగ్గించండి. ఒక వారం కష్టమనిపిస్తే అదే వారం మళ్లీ చేయండి.

ఈఈజీ (మెదడు పరీక్ష) తీసేటప్పుడు గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటారు కదా, పరుగులో ఆయాసం కూడా అలా ఫిట్స్ తెస్తుందా అని చాలామంది భయపడతారు. రెండూ ఒకటి కాదు. కదలకుండా ఉండి గట్టిగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. పరుగులో కండరాలు దాన్ని ఎక్కువగా తయారుచేస్తుంటాయి, ఆయాసం దాన్ని బయటికి పంపుతుంది. లెక్క సరిపోతుంది. శ్రమవల్లనే ఫిట్స్ వచ్చేవాళ్లు ఉన్నారు కానీ తక్కువ. మీకు అలా వస్తున్నట్టు నోటుబుక్కులో కనిపిస్తే డాక్టరుకు చూపించండి.

కాలం కూడా చూసుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. నవంబరులో మనకు ఈశాన్య రుతుపవనాల వాన, నేల జారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆరున్నరకల్లా ముగించండి. తల తిరగడం, వణుకు, చెమట ఆగిపోవడం కనిపిస్తే అక్కడే నీడకు వెళ్లి తల మీద, మెడ మీద నీళ్లు పోసుకోండి. వడదెబ్బ కూడా ఫిట్స్ తెస్తుంది.

గంటలోపు పరుగుకు దాహం వేసినప్పుడు తాగితే చాలు. అంతకు మించితే ఓఆర్‌ఎస్ మేలు. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్లలోనే కలపండి, గ్లాసులో సగం ప్యాకెట్ వేసి తాగొద్దు. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఉప్పు గురించి డాక్టరును అడగండి.

6. పరుగులో తేడా అనిపిస్తే

కొందరికి ముందే తెలుస్తుంది: కడుపులోంచి ఏదో పైకి లేచినట్టు, లేని వాసన వచ్చినట్టు, ఒక చెయ్యి జివ్వుమన్నట్టు, చూసిన చోటే మళ్లీ చూస్తున్నట్టు. అది వచ్చిందంటే ఈ రౌండు పూర్తి చేద్దాం అనుకోకండి. వెంటనే ఆగండి, దారి నుంచి పక్కకు జరగండి, కూర్చోండి, ఎడమవైపు తిరిగి పడుకోండి, తోడును పిలవండి. ఏమీ రాకుండా పోయినా ఆ రోజుకు పరుగు అయిపోయినట్టే.

7. పడిపోతే చుట్టూ ఉన్నవాళ్లు చేయాల్సింది

ఈ భాగాన్ని మీ తోడుకు చూపించండి.

టైం చూడండి. రాళ్లు, సైకిళ్లు దూరం జరపండి. తల కింద చొక్కానో తువ్వాలో పెట్టండి. మెడ దగ్గర గుండీ, కళ్లద్దాలు తీయండి. కొట్టుకోవడం తగ్గుతుండగానే పక్కకు తిప్పండి, నోట్లోంచి లాలాజలం బయటికి కారిపోతుంది. తేరుకునేదాకా పక్కనే ఉండండి.

చేతిలో తాళంచెవులు, ఇనుప ముక్క పెట్టొద్దు. ఉల్లిపాయ, చెప్పు వాసన చూపొద్దు. దాదాపు ఏ ఫిట్స్ అయినా రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగుతుంది, సరిగ్గా అప్పుడే చేతిలో తాళంచెవి ఉంటుంది. అందుకే ఈ నమ్మకం ఇంకా బతికుంది. నోట్లో చెంచా, వేలు, గుడ్డ పెట్టొద్దు. పళ్లు విరుగుతాయి, మీ వేలు తెగుతుంది. నాలుక మింగేస్తారన్నది నిజం కాదు. చేతులు, కాళ్లు అదిమి పట్టొద్దు. నీళ్లు, సోడా, మాత్ర ఏదీ మెలకువ పూర్తిగా వచ్చేదాకా ఇవ్వొద్దు.

108కి వెంటనే ఫోన్ చేయాల్సినవి: ఐదు నిమిషాలు దాటితే, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకోటి వస్తే, ఊపిరి సరిగ్గా ఆడకపోతే, తలకు దెబ్బ తగిలితే, నీళ్లలో పడితే, గర్భిణి అయితే, ఆ మనిషికి ఇదే మొదటిసారి అయితే, ఎండలో ఒళ్లు కాలిపోతుంటే.

కదలిక ఆగాక మనిషి కాసేపు అయోమయంగా ఉంటారు. లేచి ఎటో నడిచేయొచ్చు, విసుక్కోవచ్చు. గట్టిగా పట్టుకోకుండా, మెల్లగా మాట్లాడుతూ, రోడ్డువైపు పోకుండా అడ్డుగా ఉండండి. ఇంటిదాకా తోడు వెళ్లండి. ఇద్దరు ఉంటే ఒకరు ఫోన్లో వీడియో తీయండి. డాక్టరుకు వంద మాటలకన్నా అదే ఉపయోగం. వీడియో డాక్టరుకు మాత్రమే, గ్రూపులకు కాదు.

8. ఇంటికి వచ్చాక

బాత్రూమ్ గడియ లోపలి నుంచి పెట్టుకోకండి. తలుపు బయట తువ్వాలు వేలాడదీస్తే లోపల మనిషి ఉన్నట్టు ఇంట్లోవాళ్లకు గుర్తు. కూర్చుని పోసుకోండి.

వేడివేడి నీళ్లు తల మీద గుమ్మరించుకోవద్దు. తల మీద వేడినీళ్లు పడితే వచ్చే మూర్ఛ అని ఒకటి ఉంది, దక్షిణ భారతంలో ఎక్కువగా చూశారు. శనివారం తలంటు రోజునే ఫిట్స్ వస్తున్నాయని మీకు ఎప్పుడైనా అనిపించి ఉంటే డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పండి. గోరువెచ్చని నీళ్లు, ముందు కాళ్లకు, ఒంటికి, చివర తలకు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఆర్నెల్లుగా ఏమీ రాలేదు, పరుగుతో తగ్గిపోయిందని మాత్ర మానేయడం. అన్నిటికన్నా ప్రమాదం ఇదే. ఒక్కసారిగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చే స్థితి రావచ్చు, ప్రాణం మీదికి తెస్తుంది. పరుగు మందుకు తోడు మాత్రమే.

రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం. ఒక చెవి ఖాళీగా ఉంచండి.

మొదటి నెలలోనే హాఫ్ మారథాన్‌కు పేరివ్వడం. 21 కిలోమీటర్ల సంగతి తర్వాత, ఐదింటికి మొదలయ్యే పందేనికి మూడింటికే లేవాలి, ముందురోజు టెన్షన్‌తో నిద్ర పట్టదు. ముందు 5 కిలోమీటర్ల పందెం చూసుకోండి. నిర్వాహకులకు చెప్పండి, బిబ్ (చొక్కాకు తగిలించుకునే నంబరు కాగితం) వెనక "మూర్ఛ" అని, ఇంటి నంబరు రాయండి, ఒక పూట మాత్రలు మీ దగ్గరే పెట్టుకోండి.

జ్వరం ఉన్నా చెమట పడితే తగ్గుతుందని పరిగెత్తడం. జ్వరంలో ఫిట్స్ వచ్చే అవకాశం ఎక్కువ. జ్వరం తగ్గాక రెండు రోజులు ఆగండి.

పిల్లల్ని ఇంట్లో కట్టేయడం. ఇది అమ్మానాన్నలకు చెప్తున్నాను. మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆటల పీరియడ్‌లో ఒక్కడే మెట్ల మీద కూర్చునే పిల్లాడికి ఆ కూర్చోవడం కూడా ఒక జబ్బే అవుతుంది. పీఈటీ సారుకు ఏడో మెట్టులో ఉన్నది రాసి ఇచ్చి, పరిగెత్తనివ్వండి.

సరిగ్గా సాగుతోందా? ఇలా చూసుకోండి

నోటుబుక్కులో రోజుకు ఒక్క వరుస చాలు: తేదీ, ఎన్ని గంటలు నిద్ర, మాత్ర వేసుకున్న టైము, ఎంతసేపు పరుగు, ఎండ ఎలా ఉంది, ఏదైనా తేడా. ఆడవాళ్లు నెలసరి మొదటి రోజును గుండ్రం చుట్టండి. ఫిట్స్ వస్తే ఎరుపు పెన్నుతో రాసి, ముందు రెండు రోజుల వరుసలు చదవండి. తక్కువ నిద్రో, తప్పిన మాత్రో చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది.

పరుగు బాగుంటే రెండు నెలలకు రాత్రి నిద్ర తొందరగా పడుతుంది, పగలు మగత తగ్గుతుంది, ఒకప్పుడు మాట తెగిన వేగంలో ఇప్పుడు మాట్లాడగలుగుతారు. ఇవి లేకుండా అలసట పెరుగుతుంటే పరుగు ఎక్కువైనట్టు. నేల మీద గీత గీసి దాని మీద నడవండి. తూలుతుంటే, చూపు రెండుగా కనిపిస్తుంటే అది అలసట కాకపోవచ్చు, ఫెనిటాయిన్ లాంటి మందు ఒంట్లో ఎక్కువైనా అలాగే ఉంటుంది. ఆ వారమే డాక్టరును కలవండి. లెవెటిరాసెటమ్ మొదలుపెట్టాక చిరాకు, దిగులు పెరిగితే, బతుకు మీద విసుగు కలిగితే, అది మీ గుణం అనుకోకుండా వెంటనే చెప్పండి.

ఫిట్స్ వచ్చి తగ్గాక మళ్లీ ఎప్పుడు పరిగెత్తాలి అన్నది ఆఖరి ప్రశ్న. డాక్టరుకు తెలియజేశాకే. నాలుక తెగిందా, భుజం నొప్పిగా ఉందా, తలకు దెబ్బ ఉందా చూసుకోండి. భుజం పైకి లేవకపోతే ఎక్స్‌రే తీయించండి, ఫిట్స్‌లో కీలు తప్పడం జరుగుతుంటుంది. ఒళ్లంతా నొప్పులు తగ్గి, రెండు మూడు రాత్రులు నిండా నిద్రపోయాక నడకతో మొదలుపెట్టండి. వారం నడిచాక, ఐదో మెట్టులో మొదటి రెండు వారాల లెక్క దగ్గరికి వెళ్లండి. అంతకుముందు మీరు ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తినా సరే, అక్కడి నుంచే.